రెండంగుళాల బారెల్ మీద అంత ఇష్టం ఎందుకంటే

మీరు అడిగినది క్లుప్తంగా ఇదండీ. గుంటూరులో మీ తాతగారికి లైసెన్సు మీద కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీలో చేసిన .32 రివాల్వర్ ఉండేది (.32 అంటే తూటా సైజు). ఆయన పోయాక ఇంట్లోవాళ్లు దాన్ని స్టేషన్‌లో అప్పగించారు. ఇప్పుడు మీరు విదేశాల్లో తుపాకులు సేకరించేవాళ్ల వీడియోలు చూస్తున్నారు. వాళ్లు రెండంగుళాల బారెల్ (తూటా వెళ్లే గొట్టం) ఉన్న పొట్టి రివాల్వర్లను చేతిలోకి తీసుకుని మురిసిపోతున్నారు. "అంత పొట్టి బారెల్‌తో గురి కుదరదు కదా సార్, మరి ఎందుకంత ప్రేమ? మా తాతగారిది కూడా ఆ జాతిదేనా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పొట్టి బారెల్ గురి తప్పదు. తప్పేది చెయ్యి. పొడుగు బారెల్ మన తప్పును కొంత కడుపులో పెట్టుకుంటుంది, పొట్టిది ఉన్నదున్నట్టు కాగితం మీద చూపిస్తుంది. అలాగే తయారుచేసినవాడి పనితనం కూడా పొట్టి రివాల్వర్‌లోనే బాగా బయటపడుతుంది, ఎందుకంటే అందులో లోపం దాచడానికి చోటు లేదు. తెలిసినవాళ్లు దాన్ని ఇష్టపడేది ఇందుకే. ఇక మీ తాతగారిది మూడంగుళాల బారెల్. ఆ రెండంగుళాల వంశానికి వరసకు దాయాది అనుకోండి. పోలికలు ఉన్నాయి, స్వభావం మాత్రం వేరు.

నా గురించి ఒక్క మాట. పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో పాతికేళ్ల పైన ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేశాను. రిటైరయ్యాక విజయవాడలో లైసెన్సు ఉన్న ఒక ఆయుధాల షాపులో రిపేర్లు చూస్తున్నాను. కాన్పూర్ .32లు నా బల్ల మీదికి వచ్చినన్ని ఇంకేవీ రాలేదు. దిగుమతులు ఆగకముందు మన జిల్లాలకు వచ్చిన పాత అమెరికా కంపెనీల కోల్టులు, స్మిత్ అండ్ వెస్సన్‌లు కూడా ఆసాముల ఇళ్లలో ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని విప్పి, తుడిచి, మళ్లీ బిగించిన చేతులతో రాస్తున్నాను.

గురి లెక్క

గురి చూడటం అంటే వెనకున్న బ్యాక్ సైట్ గాడిలో ముందున్న ఫోర్ సైట్‌ను నిలబెట్టడం. ఈ రెండింటి మధ్య దూరమే అసలు విషయం. రెండంగుళాల రివాల్వర్‌లో ఆ దూరం సుమారు 100 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆరంగుళాల బారెల్ ఉన్నదాంట్లో దాదాపు దానికి రెట్టింపు. ఇప్పుడు మీ చెయ్యి వణికి ఫోర్ సైట్ ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగిందనుకోండి. పది మీటర్ల దూరంలో పొట్టిదాంతో తూటా 100 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పొడుగుదాంతో 50 మిల్లీమీటర్లే పోతుంది. తప్పు అంతే, ఫలితం రెట్టింపు. దీన్ని చూసి జనం "పొట్టి బారెల్‌కు గురి లేదు" అంటారు.

దీన్ని నేను ఒకాయనకు చేసి చూపించాల్సి వచ్చింది. ఆయన రిటైరైన లెక్చరర్. తన మూడంగుళాల .32 తీసుకొచ్చి "బారెల్ అరిగిపోయింది, మార్చండి" అన్నారు. ఫైరింగ్ రేంజిలో నిలబడి పేలిస్తే ఏ రెండు బొక్కలూ దగ్గర పడటం లేదట. బారెల్‌లోకి లైటు పెట్టి చూశాను, గాడులు శుభ్రంగా ఉన్నాయి. అనుమతి ఉన్న రేంజికి ఆయనతోపాటే వెళ్లి, ఇసుక బస్తా మీద మణికట్లు ఆన్చి, పది మీటర్ల నుంచి నేనే ఐదు రౌండ్లు పేల్చాను. ఐదూ నా అరచేతి కింద దాగాయి. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏడాదంతా ట్రిగ్గర్ లాగడం మీదే సాధన చేశారు. బారెల్ మార్చే మాట మళ్లీ ఎత్తలేదు.

పొట్టి బారెల్ వల్ల నష్టమే లేదని అనడం లేదు. బారెల్ తగ్గితే తూటా వేగం తగ్గుతుంది. .38 స్పెషల్ అనే తూటాకు బారెల్ నాలుగంగుళాల నుంచి రెండంగుళాలకు దిగితే సుమారు పదో వంతు వేగం పోతుంది. మూతి దగ్గర మంట, చప్పుడు పెరుగుతాయి. బరువు తక్కువ కాబట్టి చేతిని తన్నే దెబ్బ కూడా ఎక్కువే. ఇవన్నీ తెలిసే ఇష్టపడతారు.

ఎలా పుట్టింది

పొట్టి రివాల్వర్ మొదలైంది అమెరికాలో అని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో వెబ్లీ కంపెనీ 1872లోనే "బ్రిటిష్ బుల్‌డాగ్" పేరుతో రెండున్నర అంగుళాల బారెల్‌తో, కోటు జేబులో పట్టే రివాల్వర్ చేసింది. బారెల్ పొట్టి, తూటా మాత్రం లావు. దాన్ని బెల్జియం వాళ్లు, అమెరికా వాళ్లు విపరీతంగా కాపీ కొట్టారు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగింది ఆ రకం రివాల్వర్‌తోనే. ఆయన రెండున్నర నెలలు మంచంలో ఉండి చనిపోయారు. ఆయుధం మీద ఇష్టం గురించి రాసేటప్పుడు ఇది కూడా రాయాలి. ఎంత అందంగా ఉన్నా అది ప్రాణం తీసే వస్తువు. నేను ఏ రివాల్వర్‌ను బల్ల మీద పెట్టినా ముందు తూటాలు పట్టే సిలిండర్ తెరిచి గదులన్నీ వేలితో తడిమి చూస్తాను, ఆ తర్వాతే మాట.

1920ల్లో కోల్ట్ కంపెనీలో ఫిట్జ్‌గెరాల్డ్ అనే ఉద్యోగి ఉండేవాడు. ఆయన పెద్ద రివాల్వర్ల బారెల్‌ను రెండంగుళాలకు కోసి, తూటాను కొట్టి పేల్చే హ్యామర్ కొమ్మును బట్టకు తగులుకోకుండా తీసేసి, ట్రిగ్గర్ గార్డు ముందు భాగాన్ని కూడా కోసేసేవాడు. ఆయన పేరుతోనే వాటిని ఫిట్జ్ స్పెషల్ అంటారు. చూడటానికి బాగుంటాయి కానీ, గార్డు కోయడం మాత్రం ఆర్మరర్‌గా నేను ఒప్పుకోను. గార్డు ఉన్నదే ట్రిగ్గర్‌కు ఏదీ తగలకుండా. జేబులో తాళంచెవి తగిలినా చాలు ప్రమాదానికి.

1927లో కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ వచ్చింది. .38 స్పెషల్ తూటా, ఆరు రౌండ్లు, రెండంగుళాల బారెల్, బరువు సుమారు 600 గ్రాములు. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసు అధికారికి కోటు కింద కనపడని ఆయుధం కావాలి, దానికి ఇది కుదిరింది. ఇప్పటికీ చాలామంది సేకరించేవాళ్లకు పొట్టి రివాల్వర్ అంటే మొదట గుర్తొచ్చేది ఇదే.

1950లో స్మిత్ అండ్ వెస్సన్ దీనికి పోటీ తెచ్చింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో పోలీసు అధిపతుల సమావేశంలో దాన్ని చూపించారు, అందుకే "చీఫ్స్ స్పెషల్" అన్న పేరు. 1957 నుంచి దాన్నే మోడల్ 36 అంటున్నారు. ఇది కోల్ట్ కంటే ఇంకా చిన్నది, ఐదు రౌండ్లే పడతాయి. "ఒక రౌండ్ తగ్గించారు, అంతేగా" అని వదిలేయకండి. నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడే ఉంది.

రివాల్వర్ పేలేటప్పుడు సిలిండర్ కదలకుండా కింద ఒక చిన్న మెట్టు దాని అంచులోని గాడిలో పడి పట్టుకుంటుంది. ఆరు గదుల సిలిండర్‌లో పై గది బారెల్‌కు ఎదురుగా ఉన్నప్పుడు, సరిగ్గా కింద కూడా ఒక గది ఉంటుంది. అంటే ఆ గాడిని గది గోడ మీదే తవ్వాలి. గోడ ఎక్కడ పల్చగా ఉందో అక్కడే ఇంకాస్త పల్చబడుతుంది. ఐదు గదులదాంట్లో పైన గది ఉంటే కింద రెండు గదుల మధ్య దళసరి ఇనుము వస్తుంది. గాడి అక్కడ పడుతుంది. సిలిండర్ సన్నబడినా బలం తగ్గలేదు. ఒక రౌండ్ వదులుకుని ఇంత సాధించారు. పొట్టి రివాల్వర్లో ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో తెలిసినవాడి పని అంటే అది. మొదటిసారి ఆ సిలిండర్ చేతిలో పెట్టుకుని చూసినప్పుడు చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను.

ఆ తర్వాత అదే వరసలో 1952లో కంపెనీకి నూరేళ్లు నిండిన సందర్భంగా హ్యామర్ పూర్తిగా లోపలే ఉండే "సెంటెన్నియల్" వచ్చింది. 1955లో హ్యామర్ రెండు పక్కలా గోడలు లేపి, కొస మాత్రం బొటనవేలికి అందేలా చేసిన "బాడీగార్డ్" వచ్చింది. అల్యూమినియం ఫ్రేమ్‌తో తేలిక రకాలూ వచ్చాయి. కొత్త కాలంలో చూస్తే 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్‌లో ట్రిగ్గర్ భాగాలు ఉండే పెట్టె ప్లాస్టిక్‌ది. ఇటలీ వాళ్ల రైనో అయితే పై గది నుంచి కాకుండా కింది గది నుంచి పేలుతుంది. బారెల్ చేతికి దగ్గరగా దిగడంతో మూతి ఎగరడం తగ్గుతుంది. రూపం వికారంగా ఉందంటారు కొందరు. నాకు మాత్రం ఆ ఆలోచన నచ్చింది.

కోల్టా, స్మిత్తా అని ఎప్పుడూ ఒక వాదన నడుస్తూ ఉంటుంది. గుర్తుపట్టడానికి ఒక చిట్కా చెప్తాను. వెనక నుంచి చూస్తే కోల్ట్ సిలిండర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, స్మిత్‌ది దానికి ఎదురు. సిలిండర్ తెరవడానికి కోల్ట్ గొళ్లెం వెనక్కి లాగాలి, స్మిత్‌ది ముందుకు తోయాలి. లోపల కోల్ట్‌కు ‘వి’ ఆకారపు ఆకు స్ప్రింగ్ ఉంటే, చిన్న స్మిత్‌కు చుట్ట స్ప్రింగ్ ఉంటుంది. పాత కోల్ట్ ట్రిగ్గర్ నునుపు నాకు ఇష్టం. కానీ దాని లోపలి భాగాలను సరిచేయడం చాలా ఓపికతో కూడిన పని. మొరటు చేతుల్లో పడితే పాడైపోతుంది. రిపేరు చేసేవాడిగా అడిగితే స్మిత్ అనే చెప్తాను.

అసలు ప్రాణం ట్రిగ్గర్‌లో ఉంది

బారెల్ పొడుగు గురించి ఇంత మాట్లాడతారు గానీ, పొట్టి రివాల్వర్ మంచిదో కాదో తేల్చేది ట్రిగ్గర్. హ్యామర్ లేపకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే ఒకే కదలికలో మూడు పనులు జరగాలి. లోపలి చిన్న చెయ్యి సిలిండర్‌ను తిప్పాలి. హ్యామర్ వెనక్కి లేవాలి. గది బారెల్‌కు సూటిగా వచ్చి, మెట్టు గాడిలో పడి సిలిండర్ బిగుసుకోవాలి. ఇవన్నీ అయ్యాకే హ్యామర్ విడవాలి. ఈ క్రమాన్నే మేము టైమింగ్ అంటాం. టైమింగ్ తప్పితే గది బారెల్‌కు ఎదురుగా రాకముందే పేలుతుంది, తూటా అంచు చెక్కుకుపోయి సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాడి చెంపకు తగలొచ్చు కూడా.

ఇలా లాగడానికి వేలికి పట్టే బలం సుమారు ఐదు కిలోలు. ఆ రివాల్వర్ బరువేమో అరకిలో. అంటే తన బరువుకు పది రెట్ల బలంతో లాగుతున్నా అది చేతిలో కదలకూడదు. పొట్టి రివాల్వర్ కష్టమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. హ్యామర్‌ను ముందే బొటనవేలితో వెనక్కి లాగి పెడితే ట్రిగ్గర్ రెండు కిలోల లోపే కదులుతుంది. అలా పేల్చి "బాగుంది" అనడం సులువే. పూర్తి లాగుడుతో ఐదు రౌండ్లూ ఒక చోట వేయగలిగినప్పుడు, ఆ ఆయుధాన్ని నిజంగా తెలుసుకున్నట్టు.

మంచి ట్రిగ్గర్ ఎలా ఉంటుందంటే, బావి గిలక మీద తాడు లాగినట్టు. మొదట్లో ఎంత బరువో చివరిదాకా అంతే, మధ్యలో ఎక్కడా గరుకు తగలకూడదు, ఆగకూడదు. చెడ్డ ట్రిగ్గర్ తుప్పుపట్టిన గొళ్లెంలా గరగరమంటూ వస్తుంది. మన కాన్పూర్ .32ల్లో కొన్ని కొత్తలో ఇలాగే గరుకుగా ఉంటాయి. భాగాలన్నీ శుభ్రం చేసి పల్చగా నూనె పట్టిస్తే చాలావరకు దారికొస్తాయి. ఇంట్లో ఆకురాయి పట్టుకుని ఎవరూ కూర్చోకండి. ఒక వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా హ్యామర్ నిలవదు, తనంతట తానే పడిపోతుంది. లైసెన్సు ఉన్న మనిషి చేయాల్సిన పని అది.

మన దేశంలో .32 ఎందుకంటే

విదేశీ వీడియోల్లో అంతా .38 స్పెషల్, .357. మన ఊళ్లో మాత్రం ఎవర్ని అడిగినా .32. దీనికి కారణం చట్టం. సైన్యం, పోలీసుల సర్వీస్ తూటా .380 పట్టే రివాల్వర్లు మామూలు పౌరుడికి నిషిద్ధ బోరు (బారెల్ లోపలి కొలత) కింద వస్తాయి. .32 ఆ జాబితాలో లేదు. 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారులకు దిగుమతులు ఆగిపోవడంతో కాన్పూర్‌లో చేసే .32 రివాల్వరే దేశమంతటా దిక్కయింది.

మీ తాతగారిది చూస్తే మధ్యలో విరిచినట్టు తెరుచుకుంటుంది కదా? అది వెబ్లీ మార్క్ 4 నుంచి వచ్చిన పద్ధతి. బారెల్ మూడంగుళాలు, ఆరు రౌండ్లు, బరువు సుమారు 700 గ్రాములు. ఎడమ పక్క గొళ్లెం బొటనవేలితో నొక్కి బారెల్‌ను కిందికి వంచగానే మధ్యలో నక్షత్రం లాంటి పళ్లెం లేచి ఆరు ఎంప్టీలనూ, అంటే పేలాక మిగిలిన ఖాళీ తొడుగులనూ, ఒకేసారి బయటికి తోస్తుంది. ఈ విషయంలో మనదే గొప్ప. పక్కకు తెరుచుకునే రెండంగుళాల రివాల్వర్‌లో బారెల్ పొట్టి కాబట్టి దాని కిందుండే తోపుడు రాడ్ కూడా పొట్టే. .38 స్పెషల్ ఎంప్టీ పొడవు 29 మిల్లీమీటర్లు, ఆ రాడ్ అంత దూరం తోయలేదు. అందుకే మూతి ఆకాశం వైపు పెట్టి రాడ్ మీద అరచేత్తో గట్టిగా ఒక్క దెబ్బ కొట్టాలి. మెల్లగా నొక్కితే ఎంప్టీలు సగంలో ఇరుక్కుంటాయి.

మధ్యలో తెరుచుకునే పద్ధతికి బలహీనత కీలులో ఉంది. కీలు, పై గొళ్లెం అరిగితే బారెల్ వదులవుతుంది. మూసి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే టకటకమని తెలుస్తుంది. అలాంటిది పేల్చకూడదు, రిపేరుకు రావాలి.

.32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ తూటా 1896 నాటిది. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీల్లో ప్రపంచ స్థాయి షూటర్లు ఏళ్ల తరబడి వాడుతున్నది ఈ తూటానే, ముక్కు చదునుగా ఉన్న రకం. మెత్తగా తంతుంది, సూటిగా పోతుంది. పొట్టి బారెల్‌తో నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి తూటా నాకు తెలియదు.

కాన్పూర్ వాళ్లు 2014లో టైటానియం మిశ్రమంతో 500 గ్రాముల నిర్భీక్ అనే .32 రివాల్వర్ తెచ్చారు. ఆడవాళ్ల కోసం అన్నారు, అప్పట్లో ధర 1,22,360 రూపాయలు. 2023లో ప్రబల్ అనే రివాల్వర్ వచ్చింది. 76 మిల్లీమీటర్ల బారెల్, 675 గ్రాములు, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. నిర్భీక్ తేలిక అని మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నా మాట వేరు. తేలికైనది మోయడానికి సుఖం, పేల్చడానికి కాదు. ఏడాదికోసారి రేంజికి వెళ్లే మనిషికి బరువున్న పాత .32నే మేలు.

మన ఎండ, మన తేమ, మన పండగలు

విదేశీ వీడియోల్లో దొరకనిది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకాయన తన రివాల్వర్ సిలిండర్ మూసుకోవడం లేదని తెచ్చారు. పక్కకు తెరుచుకునే పాత విదేశీ రకం అది. ఎక్కడో ఏదో వంగిందని ఆయన అనుమానం. నక్షత్రం పళ్లెం ఎత్తి చూస్తే కింద ఎర్రటి ముద్ద. మిరప దుమ్ము, నూనె కలిసి గట్టిపడి పళ్లెం కూర్చోకుండా చేసింది. పక్కనున్న కుర్రాడు నోటితో ఊదాడు, ఇద్దరం అరగంట కళ్లు కడుక్కున్నాం. వెంట్రుకంత దళసరి మురికి చాలు, సిలిండర్ మూసుకోదు. యార్డులో, పత్తి మిల్లుల్లో తిరిగేవాళ్లు వారానికోసారి ఆ పళ్లెం కింద పాత టూత్‌బ్రష్‌తో పొడిగా తుడవాలి. నూనె ఎక్కువ పోస్తే దుమ్ము ఇంకా పడుతుంది. నూనె చిండీకి (గుడ్డ పీలికకు) పట్టించి తుడవండి, సీసాతో పోయకండి.

రెండోది ఆయుధ పూజ. దసరాకి విజయవాడలో ఊరంతా ఇంద్రకీలాద్రి వైపు నడుస్తుంటే, మేము బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే పోలీసు ఆయుధాలు దాచే గదిలో, ఆయుధాలన్నీ వరసగా పేర్చి పసుపు, కుంకుమ, గంధం పెట్టేవాళ్లం. నా సర్వీసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు అది. కానీ తడి పసుపు, కుంకుమ నల్లటి ఉక్కు మీద రాత్రంతా ఉంటే తెల్లారేసరికి కింద చుక్కలు పడతాయి, అవి ఇక పోవు. బొట్టు పిడి చెక్క మీద పెట్టండి, లేదా కింద పరిచిన గుడ్డకు పెట్టండి. హారతి అయ్యాక ఆ సాయంత్రమే తుడిచి నూనె పట్టించాలి. మేము నవమి రాత్రి భోజనానికి ముందే ఆ పని పూర్తిచేసేవాళ్లం.

మూడోది తోలు కవరు. చూడటానికి బాగుంటుందని రివాల్వర్‌ను అందులోనే ఉంచి బీరువాలో దాస్తారు. కృష్ణ పక్కన వానాకాలం తేమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తోలు తేమ పీల్చి ఉక్కుకు అంటిస్తుంది. తోలు కవరు మోయడానికే. దాచేటప్పుడు నూనె గుడ్డలో చుట్టి, తూటాలు వేరేచోట తాళంలో పెట్టాలి. ఎన్నికలప్పుడు లైసెన్సుదారులు ఆయుధాలు అప్పగించాల్సి వస్తుంది కదా, అప్పుడు కూడా బాగా నూనె పట్టించి ఇవ్వండి. ఒకసారి ఒక చోట నెలల తరబడి గోనెసంచిలో ఉండి వచ్చిన పాత కోల్ట్ నా దగ్గరికి వచ్చింది. పిడి కింద ఉక్కు గుంటలు పడిపోయింది. యాభై ఏళ్లు ఆ ఇంట్లో జాగ్రత్తగా చూసుకున్న వస్తువు అది. ఆ పెద్దాయన ముఖం చూడలేకపోయాను.

ఇంకొకటి, సినిమాల్లోలా సిలిండర్‌ను చేత్తో విదిలించి టక్కున మూయడం. దయచేసి చేయకండి. సిలిండర్‌ను మోసే క్రేన్ అనే చిన్న భాగం వంగిపోతుంది. కంటికి కనపడదు గానీ ఆ తర్వాత గదులు బారెల్‌కు సూటిగా రావు. అలా పాడైన మంచి రివాల్వర్లు ఎన్నో చూశాను. బొటనవేలితో మెల్లగా నొక్కి మూయాలి.

పేల్చేటప్పుడు రెండో చేతి వేలు ముందుకు రాకూడదు. సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య కాగితం పట్టేంత సందు ఉంటుంది. పేలినప్పుడు అందులోంచి వేడి గ్యాసు బ్లేడులా వస్తుంది. రెండంగుళాల బారెల్‌లోనైతే వేలు మూతి దాకా కూడా పోవచ్చు. అందుకే మొదటిసారి ఆయుధం పట్టేవాడికి నేను పొట్టిది ఇవ్వను. ముందు పొడుగుదాంతో పట్టు కుదరాలి, ఆ తర్వాతే ఇది.

మీ తాతగారి రివాల్వర్ సంగతి

లైసెన్సుదారు పోయిన తర్వాత ఆయుధం ఇంట్లో ఉంచుకోవడం నేరం. వెంటనే స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. మీవాళ్లు సరిగ్గా చేశారు. ఆ రసీదు జాగ్రత్తగా ఉంచండి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మిగతా వారసులకు అభ్యంతరం లేదని రాతపూర్వకంగా ఉండాలి. ఆయుధం వాడకంలో భద్రతా శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. మీ వయసు 21 దాటి ఉండాలి. గుంటూరు జిల్లా అయితే దరఖాస్తు కలెక్టర్ ఆఫీసుకు వెళ్తుంది, పోలీసు విచారణ జరుగుతుంది. లైసెన్సు గడువు ఇప్పుడు ఐదేళ్లు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు కాబట్టి, దరఖాస్తు చేసే మనిషి పేరు మీద ఇప్పటికే ఏవైనా ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది.

కొన్న ఆయుధం కాదు, తాతగారిది కాబట్టి ఒక సలహా. లైసెన్సు వచ్చి అది చేతికొచ్చాక పాతబడింది కదా అని మెరుగు పెట్టించకండి, నికెల్ పూత వేయించకండి. ఆయన వేళ్లు తగిలి పిడి మీద నునుపెక్కిన చోటు ఉంటుంది. గొళ్లెం దగ్గర బొటనవేలు ఆనే చోట నలుపు పోయి తెల్లబడి ఉంటుంది. ఆయన కుడిచేత్తో తెరిచేవారా, ఎడమచేత్తోనా అన్నది కూడా ఆ అరుగుదల చూసి నేను చెప్పగలను. అది పోతే తిరిగి రాదు.

స్టేషన్‌లో రైటర్ గారిని మర్యాదగా అడిగితే, మీవాళ్ల సమక్షంలో ఒకసారి తుడిచి నూనె పట్టించడానికి లైసెన్సు ఉన్న డీలర్ మనిషిని అనుమతిస్తారేమో కనుక్కోండి. ఈ వానలకు ముందే అయితే మంచిది. నంబరు కనపడేలా ఫోటో తీసి ఎక్కడా పెట్టకండి. ఫ్రేమ్ మీద ఏ ముద్ర ఉంది, ఏ సంవత్సరం కొట్టి ఉంది, మూసి ఊపితే టకటక వినిపిస్తోందా లేదా, ఈ మూడూ రాయండి. కీలు ఎంత అరిగిందో, రిపేరు అవసరమో కాదో ఆ వివరాలు చూసి చెప్తాను.